పశువుల దిగుమతి, పేడ దిగుమతి: సంఘాలు తెలుసుకోవలసిన నిబంధనలు

(ఒక సహకార ఇన్‌స్పెక్టరు)

ఈ మధ్య తనిఖీకి వెళ్ళిన కొన్ని పాల ఉత్పత్తిదారుల సంఘాల మినిట్సు పుస్తకాలలో ఒకే తరహా తీర్మానం కనిపించింది. విదేశాల నుండి మేలుజాతి ఆవులు తెప్పించి సభ్యులకు ఇచ్చుటకు ఫలానా ఏజెంటుకు అడ్వాన్సు చెల్లించుటకు తీర్మానించడమైనది అని దాని సారాంశం. ఒక సంఘంలో దానితోపాటు, సభ్యుల పచ్చిమేత మళ్ళకు దిగుమతి చేసిన పశువుల ఎరువు బస్తాలు కొనాలని కూడా రాసుకున్నారు. తీర్మానాలు మంచి ఉద్దేశంతో చేసినవే, సందేహం లేదు. కాని ఆ పశువులు ఏ దేశం నుండి వస్తాయి, ఏ రేవులో దిగుతాయి, లైసెన్సు ఎవరి పేరున ఉన్నది అని అడిగితే కార్యదర్శులు ఏజెంటు ఇచ్చిన రంగుల కరపత్రం చూపించారు. అందులో ఆవు బొమ్మ ఉన్నది, పాల దిగుబడి ఉన్నది, సెల్‌ఫోను నంబరు ఉన్నది. అడిగిన మూడింటికి మాత్రం జవాబు లేదు.

ఇవ్వబోయే డబ్బు సంఘానిది. అంటే ఉగాదికో దసరాకో బోనసు వస్తుందని చూచే సభ్యులది. కనుక ఈ విషయంలో చట్టం ఏమి చెబుతున్నదో, అట్లా ఎందుకు చెబుతున్నదో కొంత వివరంగా రాస్తున్నాను.

పేడను కూడా పేర్కొన్న చట్టం

మన దేశంలో పశువుల దిగుమతికి మూలమైన చట్టం 1898 నాటిది. దాని పేరు లైవ్‌స్టాక్ ఇంపోర్టేషన్ యాక్టు, ఆ సంవత్సరపు 9వ చట్టం. బ్రిటిషు వారి కాలంలో వచ్చినదైనా ఇప్పటికీ అమలులో ఉన్నది. చిన్న చట్టమే. ఒక పూటలో చదివి ముగించవచ్చు. అంటువ్యాధులు సోకగల పశువుల దిగుమతిని క్రమబద్ధం చేయడానికి, పరిమితం చేయడానికి, అవసరమైతే పూర్తిగా నిషేధించడానికి కేంద్ర ప్రభుత్వానికి అది అధికారం ఇస్తున్నది. దిగుమతి అంటే ఓడలో రావడం ఒక్కటే కాదు. నేల మీద సరిహద్దు దాటించినా, విమానంలో తెచ్చినా దిగుమతి కిందకే వస్తుంది.

అయితే సంఘాల వారు ముఖ్యంగా గమనించవలసిన మాట ఆ తరువాత ఉన్నది. పశువుతో ఆగకుండా, పశువుకు సంబంధించిన లేదా పశువును తాకిన మేత, పేడ, కొట్టంలో కింద పరిచిన గడ్డి, గుడ్డలు, జీను, పట్టెడలు వగైరా సామగ్రిని కూడా అదే సెక్షనులో చేర్చారు. వచ్చిన వాటిని నిలిపి ఉంచి పరీక్షించడానికి, క్రిమిసంహారం చేయించడానికి, అవసరమైతే నాశనం చేయించడానికి కూడా చట్టంలో ఏర్పాటు ఉన్నది. పేడ అన్న మాట పార్లమెంటు చట్టాలలో తరచుగా కనిపించేది కాదు. నూట పాతికేళ్ళ క్రితం దానిని రాసిన వారు ఊరికే రాయలేదు.

పశువును డాక్టరు పరీక్షిస్తాడు. జ్వరం చూస్తాడు, నోరు చూస్తాడు, గిట్టలు చూస్తాడు, రక్తం తీస్తాడు. పేడకుప్పను ఎవరూ పరీక్షించరు. కాని రోగం అక్కడే దాగి ఉండవచ్చు. గాలికుంటు వ్యాధి క్రిమి ఎండిన పేడలో 14 రోజుల వరకు, చలికాలంలో పేడనీళ్ళు నిలిచిన గుంటలో ఆరు నెలల వరకు బ్రతికి ఉండగలదని పశువైద్య శాస్త్రం చెబుతున్నది. పశువును ఎముకల గూడు చేసి చంపే దీర్ఘకాలపు పారుడు వ్యాధి, అంటే జోన్స్ వ్యాధి, ముఖ్యంగా పేడ ద్వారానే దూడలకు అంటుతుంది. దాని క్రిమి పేడలో ఏడాదికి పైగా నిలుస్తుంది. ఇక దొమ్మ రోగపు బీజాలు నేలలో దశాబ్దాల తరబడి ఉండిపోతాయి. పశువు అమ్ముడుపోయి వెళ్ళిపోయినా, చచ్చిపోయినా, దాని పేడ మన ఊళ్ళోనే ఉంటుందన్న మాట.

ఓడ మారిన పశువుల కథ

ఈ నిబంధనలన్నీ ఆఫీసుల వాళ్ళు జనాన్ని ఇబ్బంది పెట్టడానికి పెట్టుకున్నవని ఒక సంఘం అధ్యక్షులు నాతో అన్నారు. వారికి చెప్పిన సంగతే ఇక్కడా చెబుతాను.

1920లో మన దేశం నుండి కొన్ని మూపురపు పశువులను ఓడలో బ్రెజిల్‌కు పంపారు. అవి దారిలో బెల్జియం దేశపు ఆంట్‌వెర్ప్ రేవులో ఓడ మారవలసి వచ్చింది. బెల్జియంలో వాటిని ఎవరూ కొనలేదు, అక్కడ ఉంచుకోవడానికి తెప్పించలేదు. రేవులో కొన్నాళ్ళు ఆగాయి, అంతే. వాటితో వచ్చిన ముసర రోగం, అంటే రిండర్‌పెస్ట్, బెల్జియం పశువులలో వ్యాపించింది. ఐరోపా దేశాలన్నీ హడలిపోయాయి. దాని ఫలితంగానే 1924 జనవరిలో 28 దేశాలు పారిస్ నగరంలో సమావేశమై ఒప్పందం చేసుకుని, పశువుల అంటువ్యాధుల కోసం ఒక అంతర్జాతీయ కార్యాలయం నెలకొల్పాయి. ఈనాడు దానినే ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ అంటున్నారు. ఏ దేశంలో ఏ రోగం ఉన్నదో ప్రకటించేది, పశువుల వ్యాపారంలో పాటించవలసిన ఆరోగ్య ప్రమాణాలు నిర్ణయించేది ఆ సంస్థే.

ఆ ముసర రోగాన్ని మన దేశం నుండి తుడిచివేయడానికి ఎన్ని ఏళ్ళు టీకాలు వేయవలసి వచ్చిందో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. 2006లో మన దేశం ఆ రోగం నుండి విముక్తి పొందినట్లు గుర్తింపు వచ్చింది. 2011లో ప్రపంచం మొత్తం మీద అది లేదని ప్రకటించారు.

మన ఒంగోలు జాతికి కూడా ఈ నిబంధనలు తప్పలేదు. బ్రెజిల్‌లో నెలోర్ పేరుతో కోట్ల సంఖ్యలో పెరుగుతున్న పశువులు మన నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల నుండి వెళ్ళిన వాటి సంతానమేనని అందరికీ తెలుసు. 1960 దశకం మొదట్లో ఒంగోలు దగ్గరి కరవది నుండి వెళ్ళిన ఆబోతు ఒకటి ఆ ఊరి పేరుతోనే అక్కడ ప్రసిద్ధి పొందింది. ఆ విడత వెళ్ళిన పశువులను బ్రెజిల్ వారు నేరుగా తమ పొలాలకు తోలుకుపోలేదు. సముద్రం మధ్యలో ఉన్న ఫెర్నాండో ది నొరోన్హా అనే దీవిలో దించి, అక్కడ నెలల తరబడి విడిగా ఉంచి, రోగం లేదని తేలిన తరువాతనే తీరానికి చేర్చారు. అంత మోజుపడి తెచ్చుకున్న పశువులనే దీవిలో ఉంచినవారు లోకజ్ఞానం కలవారని నా అభిప్రాయం.

ఇప్పుడు పాటించవలసిన పద్ధతి

బ్రతికి ఉన్న పశువులను తెప్పించడం స్వేచ్ఛా వ్యాపారం కాదు. అది లైసెన్సు మీద జరిగే పరిమిత దిగుమతి. విదేశీ వాణిజ్య డైరెక్టర్ జనరల్ కార్యాలయం నుండి లైసెన్సు తీసుకోవాలి. అది ఇచ్చే ముందు కేంద్ర పశుసంవర్ధక శాఖ అభిప్రాయం అడుగుతారు. ఏ దేశంలో ఏ రోగం ఉన్నదో చూచి, అక్కడి ప్రభుత్వ పశువైద్యాధికారి ఏమేమి ధ్రువీకరించాలో, ఏ పరీక్షలు చేయించాలో ముందే నిర్ణయిస్తారు. పశువు బయలుదేరే ముందు ఆ దేశంలో విడిగా ఉండాలి, ఇక్కడ దిగిన తరువాత మళ్ళీ విడిగా ఉండాలి. మామూలుగా ఇది 30 రోజులు. దీనినే క్వారంటైను అంటారు.

దిగే చోటు కూడా మన ఇష్టం కాదు. పశు క్వారంటైను కేంద్రం ఉన్న చోటనే దిగాలి. ఇవి మొదట ఢిల్లీ, ముంబాయి, కోల్‌కతా, చెన్నై నగరాలలో ఉండేవి, తరువాత హైదరాబాదు, బెంగళూరు చేరాయి. కాగితాలు సరిగా లేకున్నా, పరీక్షలో రోగం బయటపడినా పశువును వెనక్కు పంపవచ్చు, నాశనం చేయవచ్చు. ఆ నష్టం తెప్పించిన వారిదే. ఏజెంటు కరపత్రంలో ఈ మాట ఉండదు.

ఈ 30 రోజుల లెక్క ఎక్కడిది అని కొందరు అడుగుతారు. గాలికుంటు క్రిమి ఒంట్లో ప్రవేశించిన రెండు రోజులకే రోగం బయటపడవచ్చు, 14 రోజుల వరకు పట్టవచ్చు. మందలో ఒకదానికి వచ్చి, అది ఇంకొకదానికి అంటించి, రెండవది కూడా బయటపడడానికి వ్యవధి ఇస్తే దాదాపు నెల అవుతుంది. రక్తపరీక్షలకు, వాటి ఫలితాలు రావడానికి కూడా ఆ వ్యవధి పనికి వస్తుంది.

ఎద్దు వీర్యం, పిండాలు, పాలపొడి, జున్ను, మాంసం వంటి వాటి విషయం వేరు. 2001 ఏప్రిల్‌లో దిగుమతుల మీద ఉన్న పరిమాణపు ఆంక్షలు తీసివేయడంతో ఇవి విచ్చలవిడిగా వచ్చే పరిస్థితి ఏర్పడింది. అందువల్ల అదే సంవత్సరం 1898 చట్టాన్ని సవరించి, పశు ఉత్పత్తులను కూడా దాని పరిధిలోకి తెచ్చారు. వీటికి ముందుగా శానిటరీ ఇంపోర్టు పర్మిట్టు తీసుకోవాలి. సరుకు వచ్చిన తరువాత తీసుకుంటామంటే కుదరదు. పర్మిట్టుకు గడువు ఉంటుంది. 

ఇక్కడ నా అభిప్రాయం చెప్పకుండా ఉండలేను. మన ప్రాథమిక సంఘాలలో విదేశీ పశువును స్వయంగా తెప్పించగల స్తోమత ఉన్నది దాదాపు ఏదీ లేదు. ఆ అవసరం కూడా లేదు. మంచి ఆబోతు గుణం కావాలంటే గుర్తింపు పొందిన వీర్య కేంద్రం నుండి వచ్చే ఘనీభవించిన వీర్యం సంఘం గుమ్మంలోకే వస్తుంది. దానితో పుట్టిన దూడకు మన ఎండ తెలుసు, మన చొప్ప తెలుసు. చలిదేశపు ఆవు రోహిణీ కార్తెలో మన రేకుల కొట్టంలో నిలబడి ఎంత రొప్పుతుందో చూచినవారికి వేరే చెప్పనక్కరలేదు.

పేడ, ఎరువు బస్తాలు, పిడకలు

పశువుల ఎరువు బస్తా మీద విదేశం పేరు ఉన్నంత మాత్రాన అది అక్కడి నుండి వచ్చినట్లు కాదు. నిజంగా వచ్చినదే అయితే ఏ రేవులో దిగింది, పశు క్వారంటైను వారు విడుదల చేసిన కాగితం ఏది, ఏ వేడి మీద ఎంతసేపు శుద్ధి చేశారు అన్న వివరాలు అమ్మేవాని దగ్గర ఉండాలి. ఉదాహరణకు, ఐరోపా దేశాల కూటమిలో శుద్ధి చేసిన పశువుల ఎరువు అనిపించుకోవాలంటే దానిని కనీసం 70 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో 60 నిమిషాలు ఉంచాలని నిబంధన ఉన్నది. మట్టి దిగుమతికి, గడ్డి లేదా చొప్ప చుట్టి సరుకు పంపడానికి మన దేశంలో 2003 నాటి మొక్కల క్వారంటైను ఉత్తర్వు అడ్డు వస్తుంది. పేడతో మట్టి, గడ్డి కలిసి రావడం సహజం కనుక ఈ రెండవ చట్టం కూడా గుర్తుంచుకోవాలి. కలుపు గింజలు పశువు కడుపులో పడి చావకుండా పేడలోనే బయటకు వస్తాయన్నది రైతులకు నేను నేర్పవలసిన సంగతి కాదు.

ఇతర దేశాల వారు మన పేడ విషయంలో ఇంకా పట్టుదలగా ఉంటారు. 2021 ఏప్రిల్‌లో అమెరికా రాజధాని దగ్గరి డల్లెస్ విమానాశ్రయంలో, మన దేశం నుండి వచ్చిన విమానంలోని ఒక ప్రయాణికుడు వదిలివెళ్ళిన పెట్టెలో రెండు పిడకలు దొరికాయి. రెండంటే రెండే. గాలికుంటు భయంతో అక్కడి అధికారులు వాటిని నాశనం చేసి, ఆ సంగతి ప్రకటించారు కూడా. భోగిమంటకో, హోమానికో మన ఊరి పిడకలు పిల్లలకు పంపాలని ముచ్చటపడే తల్లిదండ్రులు మన సభ్యులలో ఉన్నారు. పంపవద్దు. అమెరికా వెళ్ళేవారు నింపే కస్టమ్సు పత్రంలో పశువులకు దగ్గరగా మెలిగారా, పొలానికి వెళ్ళారా అన్న ప్రశ్నలు ఉంటాయి. అవునని రాస్తే చెప్పులు చూచి, పేడ అంటి ఉంటే శుభ్రం చేసి పంపుతారు. దాచడమే తప్పు అవుతుంది.

హర్యానా గేదె కూడా దిగుమతి వంటిదే

విదేశీ ఆవు రాకపోవచ్చు, కాని రోహతక్ నుండో, హిసార్ నుండో, జింద్ నుండో ముర్రా గేదెలు లారీలలో మన సంఘాలకు వస్తూనే ఉన్నాయి. దీనికి రేవు లేదు, కస్టమ్సు లేదు. అయితే చట్టం లేదని మాత్రం అనుకోరాదు. 2009లో వచ్చిన పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం దేశం లోపల ఇదే పని చేస్తున్నది. ఏదైనా రోగం కోసం ఒక ప్రాంతాన్ని నియంత్రిత ప్రాంతంగా ప్రకటిస్తే, టీకా ధ్రువపత్రం లేకుండా ఆ జాతి పశువులు దాటరాదు. రోగపు పశువును తాకిన మేత, కింద పరిచిన గడ్డి, క్రిమిని మోయగల మరే వస్తువైనా బయటకు తీసుకుపోరాదు. 1898 నాటి ఆలోచనే 2009లోనూ ఉన్నది. అంటురోగం కనిపించిన పశువు యజమాని ఊళ్ళో బాధ్యుడైన అధికారికి గాని పంచాయతీకి గాని తెలియజేయడం కూడా ఆ చట్టం ప్రకారం విధి.

లారీ ప్రయాణానికి 1978 నాటి పశు రవాణా నిబంధనలున్నాయి. ప్రయాణానికి తగిన ఆరోగ్యం ఉన్నదని, అంటురోగం లేదని పశువైద్యుడు ఇచ్చిన సర్టిఫికెట్టు పశువులతో ఉండాలి. మామూలు లారీలో ఆరు పశువులకు మించరాదు. పది, పన్నెండు ఎక్కించిన లారీని చూచి కిరాయి కలిసివచ్చిందని సంతోషించే కార్యవర్గం ఉన్నది. అది చట్ట విరుద్ధం. పైగా ఆ పశువులు నిలబడలేక, నీళ్ళు లేక నీరసించి దిగుతాయి. నీరసించిన పశువుకు రోగం తొందరగా పట్టుకుంటుంది.

ఒక గ్రామంలో జరిగినది చెబుతాను, పేరు అనవసరం. ఉత్తరాది నుండి గేదెలు వచ్చిన లారీని తెల్లవారుజామున పాలసేకరణ కేంద్రం ముందే ఆపి దించారు. లారీలోని పేడ, తడిసిన గడ్డి అంతా పారలతో లాగి ప్రక్కనున్న గుంటలోకి నెట్టారు. లారీని అక్కడే కడిగారు. కొత్త గేదెలకు ఏమీ కాలేదు, బాగానే ఉన్నాయి. పది పన్నెండు రోజులకు ఆ గుంటలో నీళ్ళు తాగే ఊరి పశువులకు చొంగలు కారడం మొదలైంది. గాలికుంటు అని డాక్టరు గారు తేల్చారు. నోరు పుండ్లతో మేత ముట్టవు, గిట్టల మధ్య పుండ్లతో నడవలేవు, పొదుగు తాకనీయవు. పూటకు వచ్చే పాలు సగానికి పడిపోయాయి. కొత్త గేదె కొనని వితంతువు ఒకామె తన ఒక్క ఆవు పాలు పోసుకుని బ్రతుకుతుండేది. ఆమె ఆవు ఆ ఈతలో మళ్ళీ పాలకు రాలేదు. గేదెలు తెచ్చినవారికి టీకా కాగితాలు ఉన్నాయి, చట్టపరంగా తప్పు పట్టడానికి పెద్దగా లేదు. ఆ పేడకు కాగితం లేదు.

2019లో ఒడిశాలో మొదట కనిపించిన లంపీ చర్మ వ్యాధి మూడేళ్ళలో రాజస్థాను, గుజరాతు రాష్ట్రాలలో ఎంత నష్టం చేసిందో పత్రికలలో చదివే ఉంటారు. ఈగలు, దోమలు, గోమార్లు దానిని మోస్తాయి. దూరప్రాంతాలకు మోసేది మాత్రం పశువుల లారీయే.

సంఘం చేయవలసిన పని

కొత్తగా వచ్చిన పశువులను ఊరి మందలో కలపకుండా 30 రోజులు విడిగా ఉంచే చోటు ముందే చూచుకోవాలి. పెద్ద ఖర్చు అక్కరలేదు. ఊరికి ఎగువన కాకుండా, చెరువు గట్టుకు దూరంగా, నాలుగు పందిళ్ళు చాలు. వాటికి వేరే తొట్టి, వేరే బకెట్టు, వీలైతే వేరే మనిషి. ఒకే మనిషి అయితే ఊరి పశువుల పని ముగించుకుని చివర వీటి దగ్గరకు వెళ్ళాలి, అటు నుండి ఇటు రారాదు. పాలు పితికే చేతులకు కూడా ఇదే వర్తిస్తుంది. ఈ నెలలోపు ఈసుడు రోగానికి, క్షయకు పరీక్షలు చేయించాలి. ఈసుకుపోయే గేదె చూడడానికి నిగనిగలాడుతూనే ఉంటుంది.

లారీని దించిన చోట, కడిగిన చోట బట్టల సోడా నీళ్ళు చల్లాలి. పది లీటర్ల నీటికి 400 గ్రాముల సోడా అంటే నూటికి నాలుగు పాళ్ళు అవుతుంది. గాలికుంటు క్రిమికి అది సరిపోతుంది. కొత్త పశువుల పేడ ఊరి దిబ్బల మీద వేయకుండా వేరే గుంటలో వేసి, మట్టి కప్పి మాగనివ్వాలి. బాగా మాగే ఎరువు లోపల 55, 60 డిగ్రీల వేడి పుడుతుంది, గడ్డపార గుచ్చి తీసి పట్టుకుంటే చేతికి తెలుస్తుంది. ఆ వేడికి చాలా క్రిములు, కలుపు గింజలు చస్తాయి. పైన ఉన్నది లోపలకు వెళ్ళేటట్లు ఒకటి రెండుసార్లు తిరగవేయాలి. దొమ్మ రోగం అనుమానం ఉంటే మాత్రం ఈ మాగవేయడం పనికిరాదు. ఆ బీజాలు ఆ వేడికి చావవు. పశువును కోయకుండా, తోలు తీయకుండా, పేడను కదపకుండా డాక్టరు గారిని పిలవాలి.

ఇక తీర్మానం సంగతి. పశువుల కొనుగోలుకు డబ్బు చెల్లించే ముందు కార్యవర్గం సంఘం బైలాలు చూడాలి, యూనియను అనుమతి తీసుకోవాలి. విదేశీ పశువులని చెప్పేవారి నుండి దిగుమతి లైసెన్సు నకలు అడగాలి. అది చూపించనివారికి ఒక్క రూపాయి కూడా అడ్వాన్సు ఇవ్వరాదు. ఇతర రాష్ట్రాల పశువులైతే ఆరోగ్య సర్టిఫికెట్టు, టీకా వివరాలు, ప్రతి పశువు చెవిపోగు మీది 12 అంకెల నంబరు తీసుకుని మినిట్సు పుస్తకానికి జతపరచాలి. దించిన తేదీ, విడిగా ఉంచిన చోటు, 30 రోజులు ముగిసిన తేదీ కూడా అందులో రాయాలి. వచ్చే తనిఖీలో ఇన్‌స్పెక్టర్లు ఈ పుటలు అడుగుతారు. చెవిపోగు నంబరుతో సర్టిఫికెట్టు నంబరు సరిపోలని పశువు మీద అప్పు మంజూరుకు సిఫారసు చేయడం నా వరకు సాధ్యం కాదు.